చనిపోయినవాడి బిళ్ల మీద ధర చీటీ వద్దు

గౌరవనీయులైన వేలం సంస్థల నిర్వాహకులకు, మిలిటేరియా (పాత సైనిక వస్తువుల) డీలర్లకు, ఈ వస్తువులు కొనే తెలుగు మిత్రులకు,

నమస్కారం.

విషయం: రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ సైనికుల గుర్తింపు బిళ్లలను, మట్టిలోంచి తీసిన ఇతర వస్తువులను వివరాలు నమోదు చేయకుండా అమ్మడం ఆపాలని, నకిలీలకు అమ్మకందారు పూచీ పడాలని.

జర్మన్ సైనిక వస్తువులు సేకరించేవాళ్లంతా నాజీ అభిమానులేనన్న మాటతో మేం ఏకీభవించం. ఈ సంతలో చరిత్ర చదివేవాళ్లున్నారు, మ్యూజియంలున్నాయి, తాత యుద్ధం నుంచి తెచ్చిన పెట్టె అటక మీద దొరికి ఏం చేయాలో తోచక వచ్చినవాళ్లున్నారు. మేమూ ఈ వస్తువుల మధ్య తిరిగేవాళ్లమే. వ్యాపారం మొత్తం మూసేయమని మేం అడగట్లేదు. అందులో ఒక భాగం శవాల మీద నడుస్తోందని, అది ఆగాలని అడుగుతున్నాం.

ఒక విక్రేత జాబితాలో 'నేలలోంచి తీసినది' అన్న మాటతో విరగని నిండు బిళ్ల ఒకటి కనిపించింది. దాని మీది దళం పేరు, క్రమసంఖ్య ఫోటోలో చక్కగా చదవొచ్చు. అమ్మే ముందు ఆ వివరాలు సైనికుల రికార్డులు ఉన్న బెర్లిన్ ఆర్కైవ్‌కు పంపమని రెండుసార్లు రాశాం. వస్తువు ఉన్నది ఉన్నట్టు అమ్ముతామన్న ఒక్క ముక్క జవాబుగా వచ్చింది. ఆ తర్వాత బిళ్ల అమ్ముడుపోయింది, ఫోటో తీసేశారు. విడిగా చెబితే వినలేదు కాబట్టి అందరి ముందూ చెబుతున్నాం.

ముందుగా చట్టం సంగతి, క్లుప్తంగా. జర్మనీ శిక్షాస్మృతి 86-ఏ సెక్షన్ ప్రకారం నాజీ స్వస్తిక, నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్ గుర్తులు బహిరంగంగా వాడితే మూడేళ్ల దాకా జైలు. పరిశోధన, బోధన, కళ వంటివాటికి మినహాయింపు ఉంది. ఆస్ట్రియాలో 1947 నుంచే నిషేధ చట్టం ఉంది. 2000లో పారిస్ కోర్టు యాహూకు వ్యతిరేకంగా ఆదేశమిచ్చాక, 2001లో ఆ సంస్థ నాజీ వస్తువుల వేలం ఆపేసింది. ఆస్ట్రేలియాలో 2024 జనవరి 8 నుంచి నాజీ గుర్తులున్న వస్తువుల వ్యాపారం ఆ దేశపు కేంద్ర చట్టం కింద నేరం. (మన గడప మీది స్వస్తిక్‌కూ, పూజలో వేసే స్వస్తిక్‌కూ ఆ చట్టం అడ్డు రాదు. మతపరమైన వాడకానికి అందులో మినహాయింపు రాశారు. మెల్‌బోర్న్, సిడ్నీల్లోని మనవాళ్లు ఆ విషయంలో కంగారు పడనక్కర్లేదు.) బ్రిటన్‌లో, అమెరికాలో అమ్మకం చట్టబద్ధమే.

ఈ చట్టాలన్నీ గుర్తు ఉందా లేదా అని చూస్తాయి. వెబ్‌సైట్ల నిబంధనలూ అంతే. స్వస్తిక మీద చిన్న కాగితం ముక్క అంటించి ఫోటో పెడితే చాలాచోట్ల చెల్లిపోతుంది. మామూలు సైనికుడి గుర్తింపు బిళ్ల మీద అసలు స్వస్తికే ఉండదు. కొన్ని అక్షరాలు, అంకెలు, అంతే. అందుకే ఏ జల్లెడలోనూ పడకుండా, పదుల యూరోలకు చేతులు మారిపోతోంది. ఈ సంతలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన వస్తువును ఎవరూ చూడట్లేదు.

బిళ్ల గురించి తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాం. అది అరచేతిలో ఇమిడే కోడిగుడ్డు ఆకారపు రేకు. పొడవు సుమారు 7 సెంటీమీటర్లు, వెడల్పు 5. తొలినాళ్లలో అల్యూమినియంతో, తర్వాత ఎక్కువగా జింకుతో చేశారు. నడుమ అడ్డంగా సన్నని చీలికలు ఉంటాయి, చేత్తో వంచితే రెండు ముక్కలయ్యేలా. పై సగానికి మెడతాడు కోసం రెండు బెజ్జాలు, కింది సగానికి ఒకటి. రెండు సగాల మీదా ఒకే రాత: దళం పేరు పొట్టి అక్షరాల్లో, ఆ దళం పట్టీలో అతని క్రమసంఖ్య, రక్తం గ్రూపు. పేరు ఉండదు, పుట్టిన తేదీ ఉండదు. ఆ దళం కూడా అతను మొదట చేరిన చోటిదే, చాలావరకు శిక్షణ ఇచ్చే రిజర్వు దళం. చనిపోయేనాటికి అతను ఇంకెక్కడో ఉండి ఉండొచ్చు. బిళ్ల మీది దళం పేరు చూపించి ఫలానా యుద్ధంలో పోరాడినవాడిదని ధర పెంచే అమ్మకందారు మాటకు విలువ లేదు.

పేరు లేని ఆ అంకెను పేరుగా మార్చే పుస్తకాలు ఒక్కచోటే ఉన్నాయి. దళాలు బిళ్లల పట్టీలను, తర్వాత వచ్చిన మార్పులను బెర్లిన్‌లోని ఒక కార్యాలయానికి పంపేవి. 1939 ఆగస్టు 26న, యుద్ధానికి వారం ముందు మొదలైన ఆ కార్యాలయాన్ని వాస్ట్ అని పిలిచేవారు. 2019 జనవరి 1 నుంచి అది జర్మనీ జాతీయ ఆర్కైవ్ అయిన బుండెస్‌ఆర్కీఫ్‌లో భాగం. 1.8 కోట్లకు పైగా సైనికుల కార్డులు అక్కడ ఉన్నాయి. కొన్ని పట్టీలు యుద్ధంలో నష్టమైనా, చదవగలిగే బిళ్ల దొరికితే మనిషి దొరికే అవకాశం బలంగా ఉంది.

సైనికుడు చనిపోతే కింది సగాన్ని విరిచి మరణ నివేదికతో పంపేవారు. పై సగం శవం మెడలోనే ఉంచి పూడ్చేవారు. 1929 జెనీవా ఒప్పందం 4వ అధికరణ కూడా ఇదే చెప్పింది: బిళ్లలో సగం అవతలి పక్షానికి పంపాలి, మిగతా సగం శవం మీదే ఉండాలి. కాబట్టి నేలలో ఏ సగం దొరికిందన్నదే ఒక సాక్ష్యం. ఎముకల మధ్య నిండు బిళ్ల దొరికిందంటే అతని చావును ఎవరూ నమోదు చేయలేదు, ఇంట్లోవాళ్లకు 'ఆచూకీ లేదు' అన్న మాటే మిగిలింది. పై సగం ఒక్కటే దొరికిందంటే తోటివాళ్లు పూడ్చిపెట్టారు, చావు నమోదైంది, సమాధి జాడ మాత్రం పోయింది. కింది సగం ఒక్కటే మట్టిలో ఉంటే, దాన్ని విరిచి తీసుకున్నవాడు కూడా పంపలేకపోయాడేమో చూడాలి. ఇవన్నీ తవ్వినచోట, తవ్విన గంటలోనే తెలిసే సంగతులు. బిళ్ల సంచిలోకి, సంచి సంతలోకి వెళ్లాక ఇక తెలియవు.

నిండు బిళ్ల ప్రతిదీ శవం మీదిది కాదని కూడా చెప్పాలి. బతికి వచ్చినవాళ్లు ఇంటికి తెచ్చుకున్నవి ఉన్నాయి, ఎవరికీ ఇవ్వకుండా గోదాముల్లో మిగిలిపోయిన ఖాళీ బిళ్లలూ ఉన్నాయి. వాటితో మాకు పేచీ లేదు. మట్టి రంగు, తెల్లటి పొడిలా పట్టిన జింకు తుప్పు, అంచుల్లో తిన్న గుంటలు ఉన్న బిళ్ల వేరే సంగతి. అది ఎక్కడినుంచి వచ్చిందో అమ్మేవాడికి తెలుసు.

ఇక్కడొక మాట. బ్రిటిష్ ఇండియా సైనికుల బిళ్లలు లోహంతో చేసినవి కావు, గట్టి ఫైబర్‌వి. ఒకటి ఆకుపచ్చ అష్టభుజి, ఒకటి ఎర్ర గుండ్రటిది. ఫైబర్ మట్టిలో ఎక్కువకాలం నిలవదు. ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో పనిచేసిన మద్రాస్ సాపర్లలో (సైనిక ఇంజనీరింగ్ దళంలో) తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పేరు తెలియని సమాధి అంటే ఏమిటో ఎరిగిన ఊళ్లు మనకూ ఉన్నాయి. జర్మన్ బిళ్ల లోహం కాబట్టి 80 ఏళ్ల తర్వాత కూడా చదవడానికి వీలుగా ఉంది. ఆ వీలును చేజేతులా పాడుచేయకూడదు.

ఈ వ్యాపారం ఇప్పుడు నడుస్తున్న తీరు వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది:

1. కుటుంబాలకు. యుద్ధం ముగిసి 80 ఏళ్లు దాటినా ఆర్కైవ్‌లకు, జర్మన్ రెడ్‌క్రాస్ అన్వేషణ విభాగానికి మనవలు, మనవరాళ్లు రాస్తూనే ఉన్నారు. ఒక బిళ్ల షోకేసులోకి వెళ్లిన ప్రతిసారీ ఒక ఇంటి ప్రశ్నకు జవాబు తాళం పడిన అద్దం వెనక ఆగిపోతుంది. కొన్నవాడు సదుద్దేశంతో తర్వాత రాసినా సగం పనే అవుతుంది. పేరు తెలుస్తుంది కానీ ఎముకలు ఎక్కడున్నాయో తెలియదు, ఎందుకంటే తవ్విన చోటు అప్పటికే పోయింది. బిళ్ల ఒక దేశంలో, దాని యజమాని ఎముకలు మరో దేశపు అడవిలో. ఇది అవతలి పక్షం సైనికుడి గురించి పెట్టుకునే జాలి కదా అని అనేవాళ్లకు మా జవాబు ఒకటే. ఆ సైన్యం చేసిన నేరాల్లో దేన్నీ మేం తక్కువ చేయట్లేదు. చనిపోయినవాడు ఎక్కడున్నాడో తెలుసుకునే హక్కు అతనిది కాదు, అతని కోసం ఎదురుచూసినవాళ్లది.

2. అదే నేలలో ఉన్న సోవియట్ సైనికులకు. దొంగ తవ్వకాలు ఎక్కువగా జరిగేది రష్యాలోని వోల్ఖోవ్, దెమ్యాన్‌స్క్ చిత్తడి అడవుల్లో, లాత్వియాలోని కుర్లాండ్‌లో, బెర్లిన్‌కు ఆగ్నేయంగా ఉన్న హాల్బె అడవుల్లో. అక్కడ జర్మన్లు ఒక్కరే పడిలేరు. సోవియట్ సైనికుడి గుర్తింపు చాలాకాలం ఒక చిన్న నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) గొట్టంలో చుట్టిపెట్టిన కాగితం ముక్క. మెటల్ డిటెక్టర్‌కు అది చిక్కదు. జర్మన్ పతకం కోసం తవ్వేవాడి పార కింద అది విరిగిపోతుంది, లేదా పనికిరానిదని మట్టితో పాటు పక్కకు పోతుంది. తడి కాగితాన్ని అక్కడికక్కడే విప్పితే పొడిపొడి అవుతుంది. అమ్ముడుపోని ఎముకలను ఎవరివి ఎవరివో తెలియకుండా కలిపేసి వెళ్తారు. జర్మన్ యుద్ధ సమాధుల సంస్థ ఫోల్క్స్‌బుంట్ 46 దేశాల్లో సుమారు 28 లక్షల సమాధులను చూస్తోంది. 1992 డిసెంబరు 16న రష్యాతో ఒప్పందం కుదిరాక అక్కడ కూడా వెతికి పాతిపెట్టడం మొదలుపెట్టింది. వొల్గొగ్రాద్ దగ్గర రొసోష్కాలో 60 వేల మందికి పైగా అలా చేరారు. రష్యాలో స్వచ్ఛంద అన్వేషకులు తమ సైనికుల కోసం ఇదే పని చేస్తున్నారు. వీళ్లు ఒక గుంటను నాలుగు రోజులు బ్రష్షుతో తీసే చోట దొంగ తవ్వకందారు ఒక రాత్రి పారతో తిరగేస్తాడు. మీ సంత అతనికి డబ్బిస్తోంది.

3. ప్రాణాలకు. నేలలోంచి తీసిన కర్రపిడి గ్రెనేడ్‌కు కర్ర కుళ్లిపోతుంది, తల మిగులుతుంది. లోపలి టీఎన్‌టీ దశాబ్దాలైనా పేలే గుణం కోల్పోదు. డిటోనేటర్ తుప్పు పట్టేకొద్దీ చిన్న దెబ్బకే పేలొచ్చు. 'ఖాళీ చేసినది' అని అమ్మిన షెల్‌ను ఎవరు ఖాళీ చేశారో, ఎలా చేశారో రాసిన పత్రం లేకపోతే అది ఖాళీ కాదనే అనుకోవాలి. కొరియర్ సంచిలో, అపార్ట్‌మెంట్ బీరువాలో అలాంటివి ఉండకూడదు.

4. కొనేవాళ్లకు. ఈ సంతలో నకిలీ ఎంత ఉందో అమ్మేవాళ్లకు తెలుసు. అయినా 'ఉన్నది ఉన్నట్టు' అన్న మాట వెనక దాక్కుంటున్నారు. హెల్మెట్ సంగతే చూద్దాం. ఎం35, ఎం40, ఎం42 అన్నవి జర్మన్ హెల్మెట్ నమూనాల పేర్లు. ఎం35 హెల్మెట్ అంచు లోపలికి చుట్టి ఉంటుంది, గాలి రంధ్రానికి విడిగా తొడిగిన కమ్మీ ఉంటుంది. ఎం40లో ఆ రంధ్రాన్ని డొప్పలోనే అచ్చుకొట్టి తీశారు. ఎం42కు అంచు చుట్టలేదు, కోసిన రేకు బయటికి విచ్చుకుని ఉంటుంది. మూడు రంగుల డాలు స్టిక్కర్ 1940లోనే ఆగిపోయింది, గద్ద స్టిక్కర్ 1943లో ఆగింది. కాబట్టి ఎం42 మీద రెండు స్టిక్కర్లూ కనిపిస్తే ఇక బేరం వద్దు. డొప్ప లోపల ఎడమ పక్కన ఫ్యాక్టరీ అక్షరాలు, సైజు కొట్టి ఉంటాయి: 'ఈటీ' అంటే థాలె, 'క్యూ' అంటే ఎస్లింగెన్‌లోని క్విస్ట్. 64 సైజు డొప్పలో 57 తల కొలత ఉన్న లోపలి పట్టీ కూర్చుంటుంది. 64 డొప్పలో 66కు చేసిన పట్టీ ఉంటే తర్వాత ఎవరో కలిపి బిగించారు. ఇక మామూలు హెల్మెట్‌కు ఎస్‌ఎస్ స్టిక్కర్ అంటించి పదింతలు అడగడం ఎప్పటినుంచో ఉన్న మోసం. భూతద్దం పెట్టి ఒక గీతను వెంబడించండి. గీత రంగును, స్టిక్కర్‌ను రెంటినీ కోసుకుంటూ పోతే సరే. గీత స్టిక్కర్ కిందికి దూరి అవతల తేలితే, గీత పడ్డాకే స్టిక్కర్ వచ్చింది. వెనక లోహపు కొక్కెం ఉన్న హంగేరీ డొప్పలు, ముందు బిళ్ల తగిలించే కమ్మీ ఉన్న స్పెయిన్ డొప్పలు ఆ గుర్తులు కోసేసి, రంధ్రాలు పూడ్చి జర్మన్‌వని వస్తాయి. రంగు కింద వెల్డింగ్ మచ్చ వేలికి తగులుతుంది.

ఐరన్ క్రాస్ అనే జర్మన్ పతకం సంగతీ ఇలాగే. అసలుది మూడు ముక్కలు: నల్లరంగు వేసిన ఇనుప గుండె, దానికి రెండువైపులా అతికిన తెల్లటి చట్రం. అంచు చుట్టూ ఆకురాయి పెట్టి సరిచేసిన అతుకు పదింతల భూతద్దంలో కనిపించాలి. ఒకే పోతపోసిన నకిలీకి అతుకు ఉండదు, పైన సూదిమొనంత గాలిబుడగల గుంటలుంటాయి. అయస్కాంతం పెట్టి చూడమంటారు. అది మంచిదే, కానీ ఇనుము కాని గుండెతో చేసిన అసలువీ ఉన్నాయి, ఇనుముతో చేసిన నకిలీలూ ఉన్నాయి. అయస్కాంతం ఒక్కటే తీర్పు చెప్పలేదు. 1957 జర్మన్ చట్టం ప్రకారం స్వస్తిక లేకుండా, నడుమ ఓక్ ఆకులతో మళ్లీ చేసిన క్రాసులు నకిలీలు కావు, కానీ యుద్ధకాలపువి కూడా కావు. వాటిని అలాగే చెప్పి అమ్మాలి. గుడ్డ బ్యాడ్జీలకు అతినీల కాంతి దీపం వాడతారు. దారం నీలంగా మెరిస్తే యుద్ధం తర్వాతి రసాయనం ఉన్నట్టు. అయితే పాత బ్యాడ్జీని ఈ కాలపు సబ్బుపొడిలో ఉతికినా అలాగే మెరుస్తుంది. మెరవకపోతే అసలుదని కూడా రుజువు కాదు. ఈ పరీక్షలన్నీ మీ దగ్గర పనిచేసే నిపుణులు రోజూ చేసేవే. ఫలితాన్ని జాబితాలో ఎందుకు రాయరని అడుగుతున్నాం.

5. జ్ఞాపకాలకు. జోల్డ్‌బుఖ్ అనే జీతం పుస్తకం సైనికుడి రొమ్ము జేబులో ఉండేది. దాని మొదటి పేజీలో బిళ్ల మీది అంకే ఉంటుంది, లోపల తల్లిదండ్రుల, భార్య చిరునామా ఉంటుంది. ఒక ఇంటి పెట్టెలో ఆ పుస్తకం, నాలుగు ఫోటోలు, ఒక పతకం, కొన్ని ఉత్తరాలు కలిసి వస్తాయి. విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని పుస్తకం ఒకరికి, పతకం ఒకరికి, ఫోటోలు పదిమందికి అమ్మేస్తారు. ఆ రోజుతో ఫోటోలోని మనిషికి పేరు పోతుంది. తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఆ పెట్టెను మళ్లీ కూర్చలేం.

6. మన దేశపు కొనుగోలుదారులకు. నేతాజీ బెర్లిన్‌లో ఉండగా జర్మన్ సైన్యంలో ఏర్పడిన భారతీయుల దళం ఇండియన్ లీజియన్, సైనిక పరిభాషలో 950వ రెజిమెంట్, వస్తువులకు మన దగ్గర గిరాకీ ఉంది. ఉండటం న్యాయమే. హైదరాబాదీ ఆబిద్ హసన్ ఆ రోజుల్లో నేతాజీ వెంట జర్మనీలో ఉన్నవాడే, 1943 ఫిబ్రవరిలో యూ-180 జలాంతర్గామిలో కలిసి బయల్దేరినవాడే. ఆ అభిమానాన్నే సొమ్ము చేసుకుంటున్నారు. ఆజాద్ హింద్ పతకాలను వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ సంస్థ తయారుచేసింది. యుద్ధం తర్వాత కూడా ఆ అచ్చులతో మళ్లీ కొట్టారు. అచ్చు అసలుదే, పతకం మాత్రం యుద్ధకాలపుది కాదు. దూకుతున్న పులి, మూడు రంగులు, 'ఫ్రైయెస్ ఇండియెన్' (స్వతంత్ర భారత్) అన్న అక్షరాలతో ఉన్న చేతి బ్యాడ్జీకి ఈ మధ్య చేసిన నకళ్లు లెక్కలేనన్ని. ఎవరికి ఇచ్చింది, ఎవరి ఇంటి నుంచి వచ్చింది అన్న కాగితం లేకుండా 'నేతాజీ పతకం' అని లక్షల్లో అడిగితే ఆ లక్షలు ఆ మాటకే ఇస్తున్నారు.

7. నిర్బంధ శిబిరాల బాధితులకు. ఖైదీల చారల దుస్తులు, గుడ్డ నక్షత్రాలు, శిబిరం నుంచి రాసిన ఉత్తరాలు సైనిక వస్తువుల మధ్య పెట్టి అమ్మకూడదు. 2025 నవంబరులో జర్మనీలోని నాయిస్‌లో అలాంటి పత్రాల వేలం అంతర్జాతీయ ఆష్విట్జ్ కమిటీ వ్యతిరేకించాక రద్దయింది. ప్రతిసారీ బాధితులే వచ్చి అడిగేదాకా ఆగాల్సిన పనిలేదు. బాట్ ఆరోల్జెన్‌లోని ఆరోల్జెన్ ఆర్కైవ్స్ బాధితుల వాచీలు, ఉంగరాలు వాళ్ల కుటుంబాలను వెతికి ఉచితంగా తిరిగి ఇస్తోంది. అటువైపు పంపండి.

అందుకని వేలం సంస్థలను, డీలర్లను మేం కోరేది ఇది.

మీ దగ్గరికి గుర్తింపు బిళ్ల వస్తే, నిండుదైనా సగమైనా, ముందు చదవండి. శుభ్రం చేయొద్దు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్టు తోమితే జింకు పులుపుకు కరిగి అక్షరాలతో సహా పోతుంది. ఇనుప బ్రష్షు పెడితే ఉన్న గీతలు పోయి కొత్త గీతలు వస్తాయి. మట్టి గట్టిగా పట్టి ఉంటే శుద్ధమైన నీటితో తడిపిన మెత్తని బ్రష్షుతో పైపైన తీసి, ఆరనివ్వండి. గదిలో దీపాలు ఆర్పి, ఒక టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుతురు పడేలా పట్టండి. నొక్కిన అక్షరం నీడతో పైకి తేలుతుంది. టార్చిని చుట్టూ తిప్పుతూ ఒక్కో పక్క నుంచి ఒక్కో ఫోటో తీయండి, వెనకవైపు కూడా, పక్కన స్కేలు పెట్టి. కనిపించని అంకెను ఊహించి రాయొద్దు, ఆ చోట ప్రశ్నార్థకం పెట్టండి. 3 అనుకున్నది 8 అయితే మరో ఇంటివాళ్లకు తప్పుడు వార్త వెళ్తుంది. ఈ ఫోటోలు, మీకు అమ్మినవాడు చెప్పిన చోటు, తేదీ కలిపి బుండెస్‌ఆర్కీఫ్‌కు, ఫోల్క్స్‌బుంట్‌కు పంపండి. జవాబు వచ్చేదాకా అమ్మకానికి పెట్టొద్దు. నెలలు పట్టొచ్చు, పట్టనివ్వండి. ఎముకలతో పాటు దొరికినదని తేలితే ఆ బిళ్లకు ధరే ఉండకూడదు. అది ఆ సంస్థకు చేరాలి.

'నేలలోంచి తీసినది' అని రాసే ప్రతి వస్తువుకూ ఏ దేశం, ఏ ప్రాంతం, ఎవరి అనుమతి అన్నది జాబితాలోనే రాయాలి. రాయలేనివాడి వస్తువు తీసుకోవద్దు. శవశాంతికి భంగం కలిగించడం జర్మన్ శిక్షాస్మృతి 168వ సెక్షన్ కింద నేరం. ఆ నేరం ఇంకో దేశంలో జరిగిందన్న మాట మీకు సాకు కాకూడదు.

ఒకే మనిషివిగా వచ్చిన వస్తువులను ఒకే లాట్‌గా అమ్మండి. విడదీయక తప్పదంటే ముందు అన్ని పేజీలూ స్కాన్ చేసి, ప్రతి కొనుగోలుదారుకూ ఆ స్కాన్ ఇవ్వండి. స్టిక్కర్ మార్చినవి, రంగు వేసినవి, ముక్కలు కలిపి బిగించినవి అలాగే రాయండి. కొత్తగా చేసిన నకలు మీద 'నకలు' అన్న ముద్ర లోహంలోకే కొట్టించండి, కడిగితే పోయే సిరాతో కాదు. నకిలీ అని తేలితే డబ్బు తిరిగిచ్చే గడువు కనీసం ఏడాది ఉండాలి. నిపుణుడికి పంపి జవాబు తెప్పించుకోవడానికే నెలలు పడుతుంది.

ఆన్‌లైన్ వేదికలవాళ్లకు ఒక్క కోరిక: గుర్తింపు బిళ్లలకు విడిగా ఒక విభాగం పెట్టి, నమోదు చేసిన రుజువు లేనిదే జాబితా తెరుచుకోకుండా చేయండి. స్వస్తికను పట్టుకునే యంత్రం మీ దగ్గర ఉంది. బిళ్ల ఆకారం పట్టుకోవడం దానికి అంతకంటే కష్టం కాదు.

తెలుగు మిత్రులారా, లండన్‌లో ఉన్నా, టెక్సాస్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో కూర్చుని తెప్పించుకున్నా, కొనేముందు అమ్మేవాడిని నాలుగు సంగతులు అడగండి. ఇది ఎవరి ఇంటి నుంచి వచ్చింది? అమెరికన్ సైనికుడు తెచ్చుకున్నదైతే అతని పై అధికారి సంతకం చేసిన అనుమతి పత్రం ఉందా, ఉంటే అందులో ఈ వస్తువు పేరుందా? ఏ భాగం మార్చారు? నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లోపు తిరిగి తీసుకుంటారు, అది రాసి ఇస్తారా? జవాబు రాకపోతే కొనకండి. మట్టి బిళ్లను మాత్రం ఏ జవాబు వచ్చినా కొనకండి. ఇప్పటికే మీ దగ్గర ఉంటే అది నేరమని భయపడి దాచేయొద్దు, పారేయొద్దు. పైన చెప్పినట్టు ఫోటో తీసి పంపండి. పంపినవాడిని ఎవరూ నిందించరు.

వేలం సంస్థలు, డీలర్లు ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. బిళ్లలు చదవడానికి మనిషి లేడన్నది అడ్డంకి అయితే మేం చదివిపెడతాం, డబ్బు తీసుకోం. ఫోటోలు పక్క వెలుతురులో తీసినవై ఉండాలి, బిళ్ల తోమకుండా ఉండాలి.

ఇట్లు,
యుద్ధకాలపు సైనిక వస్తువులను సేకరించే, అధ్యయనం చేసే కొందరు తెలుగువాళ్లం